బాహుబలి 2 విదేశీ వసూళ్లు: శ్రీకాకుళం సినిమా అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద సినిమా విడుదలైన వారం శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ కొట్టులో నిలబడితే రెండు ప్రశ్నలు తప్పకుండా వినపడతాయి. మన దగ్గర ఎంత లాగింది, ఓవర్సీస్ ఎంత? మొదటిదానికి థియేటర్ దగ్గర ఎవరో ఒకరు జవాబు చెప్తారు. రెండోదానికి ఫోన్‌లో పోస్టర్ చూపిస్తారు. ఆ పోస్టర్ మీది అంకెని ఎలా చదవాలో చెప్పడానికే ఈ పేజీ. ముఖ్యంగా ‘బాహుబలి 2’ చుట్టూనే చెప్తాను. పరుగు ఎప్పుడో ముగిసిన సినిమా కాబట్టి దాని లెక్కలు కుదుటపడ్డాయి. పోలిక కోసం హాలీవుడ్, చైనా ఫాంటసీ సినిమాలు కొన్ని పక్కన పెట్టాను.

బాహుబలి 2 విదేశాల్లో సాధించింది ఏమిటి, ఒక్క ముక్కలో చెప్పండి.

2017 ఏప్రిల్ 28న విడుదలైంది. అమెరికా, కెనడా కలిపి మొదటి వారాంతంలోనే 10 మిలియన్ డాలర్లు దాటింది. ఆ వారాంతం అక్కడ ఆడుతున్న అన్ని సినిమాల్లో మూడో స్థానం దానిదే. హాలీవుడ్ సినిమాలు వేల థియేటర్లలో ఆడుతుంటే ఇది నాలుగు వందల పైచిలుకు చోట్ల మాత్రమే పడింది. మొత్తం పరుగులో అక్కడ 20 మిలియన్ డాలర్లు దాటింది. ప్రపంచమంతా కలిపి పది రోజుల్లో 1000 కోట్ల గ్రాస్ అందుకుంది. అంతకుముందు ఏ భారతీయ సినిమా ఆ గీత దాటలేదు. చివరికి 1700 కోట్ల పైనే అని ఎక్కువ ట్రేడ్ లెక్కలు చెప్తాయి.

1700 కోట్లు వచ్చాయంటే నిర్మాతకి 1700 కోట్లు వచ్చినట్టేనా?

కాదు. అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ప్రేక్షకుడు కౌంటర్ దగ్గర ఇచ్చిన మొత్తం డబ్బు గ్రాస్. అందులోంచి ప్రభుత్వ పన్ను పోతే నెట్. అందులోంచి థియేటర్ అద్దె లేదా వాటా పోతే డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. పలాసలో జీడిపప్పు వ్యాపారం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బస్తాలో వచ్చిన పిక్కల తూకం వేరు, కాల్చి కొట్టి పొట్టు తీశాక చేతికొచ్చే పప్పు తూకం వేరు. పోస్టర్ మీద వేసేది పిక్కల తూకం.

మన దగ్గర పన్ను కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. బాహుబలి 2 వచ్చినప్పటికి జీఎస్టీ లేదు. అది 2017 జూలై 1న మొదలైంది. అప్పటివరకు ఏ రాష్ట్రం వినోదపు పన్ను ఆ రాష్ట్రానిదే. ఇప్పుడు 100 రూపాయలు దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. 100 లోపు టికెట్ మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గింది. అందుకని 2017 గ్రాస్‌నీ ఇప్పటి గ్రాస్‌నీ పక్కపక్కన పెట్టి ఇది గొప్పా అది గొప్పా అంటే లెక్క కుదరదు. షేర్‌తో పోలిస్తే కొంతవరకు నయం.

విదేశాల్లో కూడా దారి ఇదే. అమెరికాలో థియేటర్ వాళ్లు దాదాపు సగం ఉంచుకుంటారు. మిగతా దేశాల్లో సినిమా వైపు వచ్చేది సాధారణంగా ఇంకా తక్కువ, నూటికి నలభై దగ్గర అనుకుంటే పెద్ద తప్పు ఉండదు. ఆ వచ్చినదాంట్లోంచే పంపిణీదారు ప్రచారం ఖర్చులు, మిగతా ఖర్చులు పోతాయి.

మరి ఆ మిగిలిన షేర్ అయినా నిర్మాతదేనా?

అదీ ఒప్పందాన్ని బట్టే. మన తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం ఓవర్సీస్ హక్కులు విడుదలకి ముందే ఒక రేటుకి అమ్మేస్తారు. ఔట్‌రైట్‌గా అమ్మితే లాభనష్టాలు రెండూ కొన్నవాడివే. మినిమం గ్యారంటీ మీద ఇస్తే గ్యారంటీ సొమ్ము, కొన్నవాడి కమిషన్, ఖర్చులు దాటాక మిగిలినదాంట్లో నిర్మాతకి వాటా ఉంటుంది. అడ్వాన్స్ మీద ఇస్తే సినిమా ఆడకపోయినప్పుడు డబ్బు వెనక్కి ఇవ్వాల్సి రావచ్చు. కాబట్టి ‘ఓవర్సీస్‌లో 5 మిలియన్ దాటింది’ అన్న వార్త చూడగానే ‘ఎంతకి కొన్నారు?’ అని అడగండి. 5 మిలియన్లు ఒక సినిమాకి పండగ, ఇంకో సినిమాకి బయ్యర్ మునిగిపోయిన అంకె.

హక్కులు ముందే అమ్మేసి దారుణంగా దెబ్బ తిన్న ఉదాహరణ హాలీవుడ్‌లో ఉంది. 2007 డిసెంబర్‌లో న్యూ లైన్ అనే స్టూడియో ‘ది గోల్డెన్ కంపాస్’ అనే ఫాంటసీ సినిమా తెచ్చింది. బడ్జెట్ 180 మిలియన్ డాలర్లు. అమెరికాలో 70 మిలియన్ల దగ్గర ఆగిపోయింది. బయటి దేశాల్లో మాత్రం 300 మిలియన్లు దాటింది. పైకి చూస్తే విదేశాలు సినిమాని కాపాడినట్టే ఉంటుంది. కానీ ఆ బడ్జెట్ సమకూర్చుకోవడం కోసం న్యూ లైన్ విదేశీ హక్కులు ముందే దేశం దేశానికీ అమ్మేసుకుంది. డబ్బు పారింది, కానీ వేరేవాళ్ల పొలంలోకి. 2008 ఫిబ్రవరిలో ఆ స్టూడియోని వార్నర్ బ్రదర్స్‌లో కలిపేశారు. ఆ కథకి తర్వాతి భాగాలు తీయాలన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

అన్ని ఏరియాల లెక్క వేస్తారు. శ్రీకాకుళం జిల్లా వసూళ్లు విడిగా ఎందుకు కనపడవు?

సినిమా వ్యాపారంలో మనది ‘ఉత్తరాంధ్ర’ ఏరియా. ట్రేడ్ వాళ్లు యూఏ అని రాస్తారు, వైజాగ్ అని కూడా అంటారు. పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలు మూడూ కలిపి ఒకే డిస్ట్రిబ్యూటర్ కొంటాడు, లెక్క కూడా కలిపే వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లినా సినిమా పటంలో ఏమీ కదలలేదు. విశాఖ మల్టీప్లెక్సుల డబ్బు కలిసిపోవడం వల్ల టెక్కలి, నరసన్నపేట, సోంపేట థియేటర్లు ఎంత లాగాయో బయటి ప్రపంచానికి తెలియదు. నాకు ఇది బాధగానే ఉంటుంది. ఒక మాస్ సినిమా నాలుగో వారం కూడా బతికేది ఇలాంటి ఊళ్లలోనే.

ఇచ్ఛాపురం దాటితే బరంపురం. అక్కడ తెలుగు ఆట చూస్తే అది ఏ లెక్కలోకి వస్తుంది?

రెస్టాఫ్ ఇండియాలోకి. ఇచ్ఛాపురంలో కొన్న టికెట్ ఉత్తరాంధ్రకి, అక్కడికి దగ్గరలోనే ఉన్న బరంపురంలో కొన్న టికెట్ బయటి రాష్ట్రాల ఖాతాకి వెళ్తాయి. చూసేది రెండు చోట్లా చాలావరకు తెలుగువాళ్లే. ఈ చిన్న సంగతి గుర్తుంచుకుంటే విదేశీ లెక్కలు కూడా బాగా అర్థమవుతాయి. ‘బయట ఆడింది’ అన్నమాట ‘బయటివాళ్లు చూశారు’ అన్నదానితో ఎప్పుడూ సమానం కాదు.

సినిమా ఇక్కడ శుక్రవారం కదా, అమెరికాలో గురువారమే టాక్ ఎలా వస్తుంది?

ప్రీమియర్ షోల వల్ల. అమెరికా తూర్పు తీరంలో వేసవికాలం గురువారం సాయంత్రం 6 గంటలంటే మనకి శుక్రవారం తెల్లవారుజాము 3:30. అక్కడ ఇంటర్వెల్ పడేసరికి ఇక్కడ బెనిఫిట్ షో దగ్గర కుర్రాళ్లు బ్యానర్లకి పాలాభిషేకం చేస్తుంటారు. సగం కథ ఫోన్లలోకి అప్పుడే వచ్చేసి ఉంటుంది.

వ్యాపారపరంగా ప్రీమియర్లు చాలా ముఖ్యం. టికెట్ రేటు మామూలు రోజు కన్నా బాగా ఎక్కువ. 2017లో అమెరికాలో సగటు సినిమా టికెట్ 8.97 డాలర్లు. పెద్ద తెలుగు సినిమా ప్రీమియర్‌కి 20 డాలర్లు, అంతకు పైన కూడా పెట్టారు. అందుకే డాలర్లు చూసి జనం సంఖ్య ఊహించకూడదు. సగటున 15 డాలర్లు అనుకుంటే 20 మిలియన్ అంటే 13 లక్షల పైచిలుకు టికెట్లు. 9 డాలర్లే అనుకుంటే 22 లక్షలు. ఒకే అంకె వెనక ఇంత తేడా ఉండొచ్చు. పైగా మొదటి మూడు రోజుల్లోనే సగం డబ్బు వచ్చేస్తుంది. బాహుబలి 2కి కూడా మొత్తం 20 మిలియన్లలో సగం మొదటి వారాంతానిదే. సోమవారం ఎంత వచ్చిందో చూస్తే సినిమా నిలబడిందా లేదా తెలిసిపోతుంది. ప్రీమియర్ అంకె హీరో మీద నమ్మకానిది, సోమవారం అంకె సినిమాది.

రికార్డు డాలర్లలో చూడాలా, రూపాయల్లో చూడాలా?

డాలర్లలో చూడండి. ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. 2017 వేసవిలో డాలర్ 64, 65 రూపాయల మధ్య ఉంది. బాహుబలి 2 ఉత్తర అమెరికా వసూళ్లు ఆ లెక్కన 130 కోట్లు. 2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ అక్కడ 18 మిలియన్ డాలర్లు దాటింది. అప్పటికి డాలర్ 83 దాటింది కాబట్టి అది 150 కోట్లు అయింది. డాలర్లలో బాహుబలి ముందుంటే, రూపాయల్లో కల్కి ముందుంటుంది. ఇద్దరు అభిమానులు రాత్రంతా వాదించుకున్నా తేలదు, ఎందుకంటే ఇద్దరి దగ్గరా ఉన్న అంకెలు నిజమే. రూపాయి విలువ తగ్గడం ఏ సినిమా గొప్పతనమూ కాదు.

మా ఉద్దానం నుంచి ఇంతమంది గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడి వసూళ్లు అమెరికాతో ఎందుకు సాటిరావు?

కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. మనవాళ్లు ఉండటం వేరు, వాళ్లు థియేటర్‌కి వెళ్లగలగడం వేరు. వెల్డింగ్, పైప్ ఫిట్టింగ్ పనులకి వెళ్లినవాళ్లు ఊరికి దూరంగా క్యాంపుల్లో ఉంటారు. వారానికి ఒక్క రోజు సెలవు. థియేటర్ ఉన్న మాల్‌కి వెళ్లి రావడానికి అయ్యే ఖర్చుతో ఇంటికి ఇంకో నాలుగు డబ్బులు పంపొచ్చు అనుకుంటారు. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కుటుంబం నాలుగు టికెట్లు కొన్నంత తేలికగా వాళ్లు కొనలేరు. సినిమా మీద ప్రేమలో మాత్రం వీళ్లు ఎవరికీ తీసిపోరు.

ఇంకో పెద్ద కారణం చాలామందికి తెలియదు. మనవాళ్లు అంతమంది పనిచేసే సౌదీ అరేబియాలో 2017లో సినిమా థియేటర్లే లేవు. ముప్పై ఏళ్లకి పైగా మూతపడి ఉండి, 2018 ఏప్రిల్‌లో మళ్లీ తెరుచుకున్నాయి. అంటే బాహుబలి 2 వచ్చినప్పుడు రియాద్‌లో ఉన్న మన కుర్రాడికి టికెట్ కొనే వీలే లేదు. ఇప్పుడు కల్కి లాంటి సినిమాల గల్ఫ్ లెక్కని అప్పటి లెక్కతో పోల్చేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

చైనాలో ‘దంగల్’ అంత ఆడితే బాహుబలి 2 ఎందుకు ఆడలేదు?

‘దంగల్’ 2017 మేలో చైనాలో విడుదలై దాదాపు 130 కోట్ల యువాన్లు తెచ్చింది. ఒక్క చైనాలోనే వెయ్యి కోట్ల రూపాయల పైన. బాహుబలి 2 సరిగ్గా ఏడాది తర్వాత, 2018 మే 4న అక్కడ వేల స్క్రీన్లలో దిగి సుమారు 50 కోట్ల రూపాయల దగ్గర ఆగిపోయింది. మొదటి భాగం 2016లో అక్కడ పెద్దగా ఆడలేదు. మొదటిది చూడనివాడు రెండోదానికి ఎందుకు వస్తాడు? కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న మనల్ని రెండేళ్లు నిద్రపోనివ్వలేదు గానీ వాళ్లకి ఆ ప్రశ్నే లేదు. పైగా రాజ్యాలు, కోటలు, ఆకాశంలో ఎగిరే వీరులు వాళ్ల సొంత సినిమాల్లోనే కావలసినంత ఉన్నారు. ‘దంగల్’లోని తండ్రి కూతుళ్ల కథ మాత్రం వాళ్ల ఇంటి కథలాగే తగిలింది. ఇది నా అభిప్రాయం, దీని మీద నాకు గట్టి నమ్మకం ఉంది.

చైనా డబ్బు గురించి ఇంకో ముఖ్యమైన మాట. వాటా పద్ధతిలో విడుదలయ్యే విదేశీ సినిమాలకి 2012 ఒప్పందం తర్వాత గ్రాస్‌లో 25 శాతం ఇస్తారు. అలాంటి సినిమాలకి ఏడాదికి 34 అని కోటా పెట్టారు. మిగతావి ఒక స్థిరమైన రేటుకి అమ్ముడుపోతాయి. కాబట్టి చైనాలో వచ్చిన నూరు రూపాయలు అమెరికాలో వచ్చిన యాభైతో సమానం, అంతే.

అయితే విదేశాల్లో బాగా ఆడిన ఫాంటసీ సినిమా కూడా నష్టపోవచ్చా?

పోవచ్చు. 2016లో వచ్చిన ‘వార్‌క్రాఫ్ట్’ చూడండి. బడ్జెట్ 160 మిలియన్ డాలర్లు. ప్రపంచమంతా కలిపి సుమారు 439 మిలియన్లు వచ్చాయి. అందులో చైనాలోనే దాదాపు 220, అమెరికాలో 47. ఇప్పుడు మోటుగా లెక్క కడదాం. చైనాలో నాలుగో వంతు అంటే 55. అమెరికాలో సగం అంటే 24 లోపు. మిగతా దేశాల 172లో నలభై శాతం అంటే 69. మొత్తం 148 కూడా కాలేదు. ప్రచారం ఖర్చు కలపకముందే బడ్జెట్ రాలేదు. ఇది నా చేతి లెక్క, అసలు ఒప్పందాల్లో తేడా ఉండొచ్చు. కానీ ‘బడ్జెట్‌కి రెండున్నర రెట్లు వచ్చింది, సూపర్ హిట్’ అనే మాట ఎంత తేలికగా తప్పుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

2012లో ‘జాన్ కార్టర్’ సినిమా వల్ల 200 మిలియన్ డాలర్లు నష్టం రానుందని డిస్నీ తనంతట తానే ప్రకటించింది. ప్రపంచ వసూళ్లు 280 మిలియన్లు దాటినా ఆ పరిస్థితి. దీనికి పూర్తిగా వ్యతిరేకం 2025లో వచ్చిన చైనా యానిమేషన్ ఫాంటసీ ‘నే జా 2’. రెండు బిలియన్ డాలర్లు దాటింది, దాదాపు అంతా సొంత దేశంలోనే. బయట ఆడకపోయినా దానికి లోటు లేకపోయింది.

జపాన్‌లో బాహుబలికి వచ్చిన డబ్బు తక్కువే కదా, దాని గురించి అంత గొప్పగా ఎందుకు చెప్తారు?

ఈ పేజీలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫ్‌లో టికెట్ కొన్నది ముఖ్యంగా మనవాళ్లు. అది తక్కువ విషయం కాదు. వేల మైళ్ల దూరంలో కూడా మన సినిమాని మొదటి రోజే చూడాలన్న ఆ ఆత్రం వల్లే పెద్ద బడ్జెట్లు పెట్టే ధైర్యం నిర్మాతలకి వచ్చింది. కానీ జపాన్‌లో థియేటర్ నింపేంతమంది తెలుగువాళ్లు లేరు. అక్కడ కూర్చున్నది జపాన్‌వాళ్లే. బాహుబలి 2 అక్కడ 2017 డిసెంబర్ 29న విడుదలైంది. ప్రీమియర్ల హడావుడి లేదు, ముందే తెలిసిన హీరో లేడు. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ చూశారు, స్నేహితుల్ని తీసుకొచ్చారు. వంద రోజులు దాటి ఆడింది. అరుస్తూ, పాత్రల వేషాలు వేసుకుని, గంటలు మోగిస్తూ చూసే ప్రత్యేక షోలు పెట్టారు. 2018 ఏప్రిల్‌లో రాజమౌళి అక్కడికి వెళ్లి అలాంటి షోలో ప్రేక్షకుల్ని కలిశారు. మామూలుగా థియేటర్‌లో సద్దు చేయని జనం ‘జై మాహిష్మతి’ అని అరిచారంటే, మన ఆమదాలవలసలో మొదటి ఆటకి చిరిగిన కాగితాలు ఎగరేసే కుర్రాడికీ వాళ్లకీ తేడా ఏముంది?

ఆ నేల అలా తడిసి ఉండబట్టే 2022 అక్టోబర్ 21న ‘ఆర్ఆర్ఆర్’ అక్కడ విడుదలైనప్పుడు విత్తనం పట్టింది. 1998లో రజనీకాంత్ ‘ముత్తు’ జపాన్‌లో నెలకొల్పిన 40 కోట్ల యెన్‌ల రికార్డు 24 ఏళ్లు చెక్కుచెదరలేదు. దాన్ని ‘ఆర్ఆర్ఆర్’ దాటింది. నన్నడిగితే అంతర్జాతీయ విజయం అన్న మాట ఇలాంటిదానికే వాడాలి. మనతో ఏ చుట్టరికమూ లేనివాడు జేబులోంచి డబ్బు తీసి మన కథకి ఇవ్వడం. అలాంటి పది లక్షలు నా దృష్టిలో ప్రీమియర్ కోటి కన్నా ఎక్కువ.

ఇంకో సంగతి. జపాన్‌లో 1999 వరకు ఏడాది హిట్ల జాబితా గ్రాస్ ప్రకారం కాదు, పంపిణీదారుకి దక్కిన సొమ్ము ప్రకారం ప్రకటించేవారు. 2000 నుంచి గ్రాస్‌కి మారారు. మన ట్రేడ్‌లో పాతతరం వాళ్లు షేరే చెప్పేవారు, ఇప్పుడు పోస్టర్లన్నీ గ్రాస్‌లోకి మారాయి. రెండు చోట్లా మార్పు ఒకే వైపుకి జరిగింది.

హాలీవుడ్ పట్టికల్లో బాహుబలి 2 అమెరికా డబ్బు ‘డొమెస్టిక్’ కింద చూపిస్తారు. తప్పు కాదా?

తప్పు కాదు. వాళ్ల లెక్క వాళ్ల ఇంటి నుంచి మొదలవుతుంది. అమెరికా, కెనడా కలిపి డొమెస్టిక్, మిగతాదంతా ఇంటర్నేషనల్. అంటే మనకి ఓవర్సీస్ అయిన డాలర్ వాళ్ల పట్టికలో స్వదేశీ, విజయనగరంలో తెగిన టికెట్ వాళ్లకి విదేశీ. రెండు పట్టికల్లోంచి అంకెలు తీసి కలిపేటప్పుడు ఒకే డబ్బుని రెండుసార్లు కలపకుండా చూసుకోవాలి. యూట్యూబ్‌లో చాలామంది చేస్తున్న తప్పు ఇదే.

రీ-రిలీజ్ డబ్బు పాత మొత్తానికి కలపాలా?

అదే సినిమా మళ్లీ వేస్తే కలుపుతారు. ‘అవతార్’ 2021 మార్చిలో చైనాలో మళ్లీ విడుదలై ఆ డబ్బుతోనే ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ని దాటి ప్రపంచంలో మొదటి స్థానం తిరిగి తెచ్చుకుంది. రెండు భాగాలు కలిపి కత్తిరించి 2025 అక్టోబర్ 31న విడుదల చేసిన ‘బాహుబలి: ది ఎపిక్’ మాత్రం వేరే ఖాతా. దాన్ని బాహుబలి 2 అంకెకి కలపకండి.

చివరిగా, ఏ అంకెని నమ్మాలి?

అమెరికా, కెనడా అంకెల్ని ఎక్కువగా నమ్మొచ్చు. అక్కడ థియేటర్ల నుంచి టికెట్ అమ్మకాలు కామ్‌స్కోర్ అనే సంస్థకి నేరుగా చేరతాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా కూడా దాదాపు అంతే. మన దేశంలో అలా అందరికీ కనపడే ఒకే లెక్క లేదు. నిర్మాత పోస్టర్ ఒకటి చెప్తుంది, ట్రేడ్ సైట్లు ఇంకొకటి చెప్తాయి. కాబట్టి 1700 కోట్లు, 1800 కోట్లు అని రెండు చోట్ల రెండు రకాలుగా కనపడితే గాబరా పడకండి. అంకె పక్కన మూడు సంగతులు ఉన్నాయా చూడండి. గ్రాసా షేరా, ఏ తేదీ వరకు, ఏయే దేశాలు కలిపి. అవి లేకపోతే ఆ పోస్టర్‌ని వాట్సాప్‌లో ముందుకి పంపకండి.